పచ్చిక తాగే మంచినీళ్లు

ఎకరం పచ్చిక మీద ఒక్క మిల్లీమీటరు మందాన నీళ్లు పరిచామనుకుందాం. చూడ్డానికి అది మంచు కురిసినంత తడి. గడ్డిపోచల మీద నాలుగు చుక్కలు మెరిసి ఆరిపోయేంత. కానీ ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఆ పలుచని పొర 4,047 లీటర్లు. మే నెలలో దక్కన్ పీఠభూమి మీద ఎండకూ వడగాలికీ గడ్డి ఆకుల గుండా, మట్టి పైపొర నుంచి రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరై పోతుంది. ఆ లోటు తీర్చకపోతే పచ్చిక ఎర్రబారుతుంది. తీర్చాలంటే ఎకరానికి రోజూ 20,000 లీటర్లు కావాలి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. భూగర్భ డ్రైనేజీ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది మన దేశంలో అధికారికంగా పెట్టుకున్న ప్రమాణం. ఆ లెక్కన ఎకరం పచ్చిక 150 మంది నీళ్లు తాగుతుంది. పది ఎకరాల లాన్ ఉన్న పార్కు వేసవిలో 1,500 మంది ఉన్న ఊరితో సమానం. పార్కులు ఉండకూడదని చెప్పడానికి ఈ లెక్క వేయలేదు. ఇరుకు ఇళ్ల నగరంలో పార్కు లేకపోతే పిల్లలకు ఆట లేదు, ముసలివాళ్లకు నడక లేదు. అడగవలసిన ప్రశ్న వేరు: ఆ 20,000 లీటర్లు ఏ నీళ్లు?

తాగే నీటిని తెలుగులో మంచినీళ్లు అంటాం. ఆ మాటలోని ‘మంచి’ పాతకాలంలో ఊరి బావి ఇచ్చిన వరం. ఉప్పుబావి ఒకటుండేది, మంచినీళ్ల బావి ఒకటుండేది. ఈ రోజు నగరంలో ఆ మంచితనం పుట్టుకతో రాదు, తయారవుతుంది. హైదరాబాద్ కథే చూడండి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో నగరం పక్కనే సిద్ధమయ్యాయి. అవి చాలక 1965లో మంజీరా నీళ్లు వచ్చాయి. 2004లో కృష్ణ, 2015లో గోదావరి వచ్చాయి. దాహం పెరిగే కొద్దీ నీరు దూరం నుంచి, లోతు నుంచి రావలసి వచ్చింది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే సముద్రమట్టానికి 180 మీటర్లు. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది. వెయ్యి లీటర్ల నీటిని 350 మీటర్లు పైకి ఎత్తడానికి భౌతికశాస్త్రం ప్రకారమే 0.95 యూనిట్ల కరెంటు కావాలి. పంపుల్లో జరిగే నష్టం, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఒరిపిడి కలిపితే అది ఒకటిన్నర యూనిట్లు దాటుతుంది. ఎకరం పచ్చికకు ఒక్క రోజు పెట్టే కృష్ణా నీళ్లలో 30 యూనిట్ల కరెంటు దాగి ఉంటుంది. నెలకు 150 యూనిట్లు కాల్చే ఇంటికి అది ఆరు రోజుల వెలుగు. దానికి పటిక వేసి మడ్డి దించడం, ఇసుక పొరల్లో వడకట్టడం, చివరి కుళాయి దాకా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలేలా చూడడం తోడవుతాయి. మంచినీళ్లంటే నీళ్లు మాత్రమే కావు, నీళ్లూ వాటిమీద పెట్టిన ఇంత శ్రమా. గడ్డి ఆ శ్రమను అడగలేదు. క్లోరిన్ దానికి ఏ మేలూ చేయదు. గడ్డివేరుకు తడి కావాలి, అంతే.

అందుకే పార్కుల్లో మంచినీటి ఆదా అనగానే కుళాయిలు కట్టేయడం, పచ్చికను ఎండగట్టడం గుర్తుకు రావడం పొరపాటు. చేయవలసిన పని ఒక్కటే: ఏ పనికి ఆ నీటిని కుదర్చడం. ఈ తెలివి మనకు కొత్తది కాదు. పెరట్లో అరటిచెట్టు ఎప్పుడూ స్నానాల గది తూము పక్కనే ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొదట్లో పడేవి. బావి నుంచి చేదిన బిందె నేరుగా అరటికి పోసిన ఇల్లాలు ఉండి ఉండదు, ఎందుకంటే చేదిన చేతికి ఆ బిందె బరువు తెలుసు. పైపులు వచ్చి ఆ బరువు కనిపించకుండా పోయింది. నగరం మొత్తానికీ ఒకే పైపు, ఒకే రకం నీళ్లు. తాగడానికీ అవే, ఫౌంటెన్‌కూ అవే, పచ్చికకూ అవే. ఒక ఇంట్లో రెండు నీళ్లుండే పద్ధతిని ఒక నగరంలో మళ్లీ తేగలమా? తేవచ్చని చూపిన చోట్లున్నాయి. వాటిలో అన్నిటికన్నా పాఠం చెప్పేది శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ పార్కు. అది గెలిచిన కథ మాత్రమే కాదు, తప్పటడుగులు కూడా వేసిన కథ.

1,017 ఎకరాల ఆ పార్కు ఒకప్పుడు ఇసుక దిబ్బలు. పసిఫిక్ గాలికి రోజూ ఆకారం మార్చుకునే ఆ దిబ్బలను 1870 దశకంలో చెట్లతో కట్టిపడేయడం మొదలుపెట్టారు. ఇసుకలో నీళ్లు నిలవవు, వేసవిలో అక్కడ వాన రాదు. నగరానికి నీరమ్మే ప్రైవేటు కంపెనీ దగ్గర కొంటే పార్కు బడ్జెట్ ఆవిరైపోయేది. అప్పుడు పార్కును నడిపిన జాన్ మెక్‌లారెన్ కాలంలో సముద్రం ఒడ్డున, పార్కు పడమటి అంచున, రెండు పెద్ద గాలిమరలు లేచాయి. 1903లో కట్టిన డచ్ గాలిమర గంటకు లక్ష లీటర్లకు పైగా భూగర్భజలం తోడి పార్కు ఎత్తైన చోట్లకు పంపేది. 1908లో దానికి తోడు ఇంకా పెద్దది వచ్చింది. సముద్రపు గాలి ఊరకే వీస్తోంది, ఇసుక కింద నీరు ఊరకే ఉంది, రెంటినీ కలిపారు. 1912 నాటికి ఇంకో అడుగు వేశారు: నగరపు మురుగునీటిని పచ్చికకు, చెరువులకు మళ్లించారు. మొదట్లో శుద్ధి లేదు, కంపు కొట్టింది, జనం ఫిర్యాదు చేశారు. ఆ ఫిర్యాదులకు జవాబు మురుగునీటి వాడకం ఆపేయడం కాలేదు. 1932లో పార్కులోనే ఒక శుద్ధి కేంద్రం కట్టడమే జవాబైంది. దశాబ్దాల పాటు ఆ నీళ్లే పచ్చికను తడిపాయి, చెరువులు నింపాయి. ఆ తర్వాత ఆరోగ్య నిబంధనలు బిగిసేసరికి పాత కేంద్రం వాటికి చాలక మూతపడింది. పార్కు మళ్లీ భూగర్భజలం మీదే బతికింది. ఇప్పుడు నగరం ఓషన్‌సైడ్ మురుగుశుద్ధి కేంద్రం దగ్గర కొత్త పునర్వినియోగ కేంద్రాన్ని నిర్మించింది. సన్నని పొరల్లో వడకట్టి, రివర్స్ ఆస్మాసిస్‌తో ఉప్పు తీసి, అతినీలలోహిత కాంతితో క్రిములను చంపి, రోజుకు సగటున 60 లక్షల లీటర్ల దాకా గోల్డెన్ గేట్ పార్కుకూ ఇతర పచ్చిక మైదానాలకూ ఇవ్వడానికి దాన్ని రూపొందించారు. ఆ నీళ్లు వచ్చే పైపులకు కాలిఫోర్నియాలో ఊదారంగు వేస్తారు. ఊదారంగు కనబడితే తాగకూడదని చిన్నపిల్లవాడికి కూడా తెలియాలని.

ఈ కథలో ఒక మలుపు మన వాళ్లు తప్పక గమనించాలి. పార్కు అప్పటికే నగరపు తాగునీటి మీద బతకడం లేదు, బోర్ల మీద బతుకుతోంది. మరి ఊదా పైపులకు అంత ఖర్చెందుకు? పార్కు కింది భూగర్భజలమే రేపటి తాగునీరు కాబట్టి. 2017 నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో స్థానిక భూగర్భజలాన్ని కొద్ది పాళ్లలో తాగునీటిలో కలపడం మొదలుపెట్టింది. పార్కుకు పునర్వినియోగ నీరు అందాక పార్కులోని సాగునీటి బావులనూ తాగునీటి వైపు తిప్పాలని తలపెట్టింది. ‘మా పార్కులో మున్సిపల్ నీళ్లు వాడం, బోరు వేసుకున్నాం’ అని మన దగ్గర చెప్పే సమాధానం అందుకే నిలవదు. హైదరాబాద్ గ్రానైట్ రాతి మీద ఉంది. ఇక్కడ భూగర్భజలం ఇసుకలో ఊరిన సముద్రం కాదు. పైనున్న శిథిల శిలపొరలో, రాతి పగుళ్లలో చిక్కుకున్న కొద్దిపాటి నీరు. పార్కు బోరు రాత్రంతా లాగితే పక్క వీధిలో అపార్ట్‌మెంట్ బోరు గుడగుడమంటుంది. ఆ అపార్ట్‌మెంట్ ట్యాంకరు పిలుస్తుంది, ట్యాంకరు ఎక్కడో మంచినీళ్లే తెస్తుంది. బోరు నీళ్లు వేరు, తాగునీళ్లు వేరు అన్న విభజన మన మనసులోనే ఉంది, రాయి కింద లేదు.

దగ్గరి ఉదాహరణ బెంగళూరు. ఆ నగరం కావేరి నీటిని సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి 500 మీటర్ల ఎత్తుకు తోడుకుంటుంది. 2024 మార్చిలో బోర్లు ఎండి, కావేరి చాలక నగరం తల్లడిల్లినప్పుడు జలమండలి తోటలకు, కార్లు కడగడానికి, కట్టడాలకు, ఫౌంటెన్లకు తాగునీరు వాడకూడదని ఆదేశించింది. తప్పుకు 5,000 రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే అదనంగా రోజుకు 500. ఆ ఆదేశం అమలు కావడానికి ఒక ఆధారం ముందే ఉంది. కబ్బన్ పార్కులో, 240 ఎకరాల లాల్‌బాగ్‌లో అంతకు ఎన్నో ఏళ్ల ముందే రోజుకు 15 లక్షల లీటర్ల చొప్పున శుద్ధి చేసే చిన్న మురుగుశుద్ధి కేంద్రాలు పెట్టారు. 15 లక్షల లీటర్లంటే మన లెక్కన మండుటెండలో 75 ఎకరాల పచ్చికకు సరిపడే నీరు. ఇందులో కిటుకు ఏమిటంటే, నగరం చివర ఉన్న పెద్ద కేంద్రం నుంచి వెనక్కి పైపు వేసుకోనక్కరలేదు. పార్కు పక్క నుంచి పోయే మురుగు పైపు నుంచే కావలసినంత లాక్కుని, అక్కడికక్కడే శుద్ధి చేసి, మిగిలిన మడ్డిని తిరిగి అదే పైపులోకి వదలవచ్చు. నగరం నడిబొడ్డున ఉన్న పార్కుకు దగ్గరలో మురుగు పైపు లేకపోవడం అసాధ్యం. వాన రావచ్చు రాకపోవచ్చు, మురుగు మాత్రం ఏడాది పొడుగునా వస్తుంది. కరువు ఏడాదిలో కూడా పార్కుకు భరోసా ఇవ్వగల నీరు అదొక్కటే.

‘పిల్లలు పొర్లాడే గడ్డి మీద మురుగునీళ్లా?’ ఇది న్యాయమైన అభ్యంతరం. దీన్ని సెంటిమెంటు అని కొట్టిపారేయడం తప్పు. మురుగులో కలరా నుంచి నులిపురుగుల గుడ్ల దాకా అన్నీ ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే జనం తాకే పచ్చికకు పచ్చి కూరగాయలకన్నా కఠినమైన ప్రమాణం పెట్టింది. కూరగాయల నీటిలో 100 మిల్లీలీటర్లకు 1,000 మలసంబంధ బ్యాక్టీరియా దాకా ఒప్పుకున్నది, పచ్చికకు 200 మించకూడదంది. కాలిఫోర్నియా ప్రమాణం ఇంకా బిగువు: వడకట్టి, క్రిమిసంహారం చేశాక కోలిఫార్మ్‌లు 100 మిల్లీలీటర్లకు 2.2 దాటకూడదు. ఇది అందుకోవడం ఇవాళ అద్భుతం కాదు. బ్యాక్టీరియా మైక్రాన్ మేర ఉంటుంది. వడపోత పొర రంధ్రాలు అందులో పదో వంతో ఇంకా తక్కువో ఉంటాయి. వాటిలోంచి జారిపోగల వైరస్‌లకు అతినీలలోహిత కాంతి, ఆపైన క్లోరిన్ కాపలా ఉంటాయి. తుంపర్లు గాలిలో పోకుండా రాత్రి జనం లేనప్పుడు పెట్టడం, లేదా వేరు దగ్గరే డ్రిప్‌తో పెట్టడం ఇంకో కాపలా. అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. శుద్ధి కేంద్రం బోర్డు ఉండడం వేరు, శుద్ధి జరగడం వేరు. కరెంటు పోయి మోటారు ఆగిన రోజు అరకొర నీళ్లు పచ్చిక మీదికి వదిలే పార్కు, మంచినీళ్లు పోసే పార్కుకన్నా అధ్వానం. నీరు మబ్బుగా మారగానే దానంతటదే వాల్వు మూసుకునే ఏర్పాటు, పరీక్ష ఫలితం గేటు దగ్గర రాసిపెట్టే ఏర్పాటు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. ఇక అసహ్యం సంగతి: మూసీ దిగువన దశాబ్దాలుగా శుద్ధి లేని నీటితోనే పశువుల గడ్డి పెరుగుతోంది, ఆ గడ్డి మేసిన పశువుల పాలు నగరం తాగుతోంది. మురుగును దూరం పెట్టామనుకుంటున్నాం కానీ కంటికి కనిపించకుండా పెట్టుకున్నామంతే.

నిజంగా కష్టమైన అభ్యంతరం క్రిములది కాదు, ఉప్పుది. వంటింట్లో, బట్టల సబ్బులో, మూత్రంలో ఉన్న ఉప్పంతా మురుగులో కలుస్తుంది. మామూలు శుద్ధి దాన్ని తీయదు. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలున్న నీటిని ఎకరానికి రోజూ 20,000 లీటర్లు పెడితే రోజుకు పది కిలోలు, వంద రోజుల వేసవికి టన్ను. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది. కాలిఫోర్నియాలోనే పాలో ఆల్టో నగరంలో రెడ్‌వుడ్ చెట్లకు ఉప్పు పడదన్న ఆందోళనతో పునర్వినియోగ నీటిలో ఉప్పు తగ్గించే విధానమే పెట్టుకోవలసి వచ్చింది. మనకు ఇక్కడ ఒక అనుకూలం ఉంది: వర్షాకాలం. ఏటా జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే వాన, నీరు దిగే చల్కా నేలల్లో పేరుకున్న ఉప్పును వేర్ల కిందికి కడిగేస్తుంది. నల్లరేగడిలో అంత సులభం కాదు. ఉప్పులోని సోడియం బంకమట్టి రేణువులను విడదీసి నేలను గట్టిబెల్లంలా చేస్తుంది, నీరు దిగనివ్వదు. అక్కడ జిప్సం వేయాలి, ఉప్పుకు ఓర్చే గడ్డి ఎంచుకోవాలి, ఏటా మట్టి పరీక్ష చేయించాలి. ఈ నీటికి ఒక లాభం కూడా ఉంది. లీటరుకు 20 మిల్లీగ్రాముల నత్రజని ఉందనుకుంటే అదే వంద రోజుల్లో ఎకరానికి 40 కిలోల నత్రజని అందుతుంది. 45 కిలోల యూరియా బస్తాలు రెంటికి కొంచెం తక్కువ.

నీరు మారినంత మాత్రాన సరిపోదు, పెట్టే తీరు కూడా మారాలి. ఎందుకంటే శుద్ధి చేసిన నీటిలోనూ కరెంటుంది. మన పార్కుల పచ్చికను మాగాణిలా తడుపుతున్నారు. నిజానికి అది ఆరుతడి పంట. రోజూ ఉదయం గొట్టంతో పైపైన తడిపే లాన్‌లో పారతో జానెడు చదరం కోసి ఎత్తి చూస్తే సంగతి తెలుస్తుంది. పైన రెండు వేళ్ల మందాన నల్లగా తడి, ఆ కింద పొడి మట్టి, వేర్లన్నీ ఆ రెండు వేళ్లలోనే చాపలా అల్లుకుని ఉంటాయి. కిందికి దిగాల్సిన అవసరం వాటికి ఎప్పుడూ రాలేదు. అలాంటి గడ్డి ఒక్క రోజు నీళ్లు తప్పినా వాడుతుంది, వాడిందని ఇంకా నీళ్లు పోస్తారు. అదే నీటిని మూడు నాలుగు రోజులకొక తడిగా, జానెడు లోతు తడిసేలా పెడితే వేర్లు తడి వెంట కిందికి దిగుతాయి. మధ్యలో పైపొర ఆరుతుంది, అక్కడి నుంచి ఆవిరయ్యే నష్టం తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం స్ప్రింక్లర్ తిప్పడం నీటిని గాలికి దానం చేయడమే. చెట్ల విషయంలో మన పాదు పద్ధతి ఇంకా మంచిది: మొదలు చుట్టూ కాక, వేళ్లు నీరు పీల్చే కొమ్మల అంచు కింద వలయంగా పాదు తీసి, అందులో రాలిన ఆకులు నాలుగు వేళ్ల మందాన పరవాలి. ఊడ్చి కుప్పేసి కాల్చే ఆకే ఎండను ఆపే చాప, కుళ్లాక ఎరువు.

నగరానికి చల్లదనం ఇచ్చేది పచ్చిక నుంచి ఆవిరయ్యే నీరే కదా, పొదుపు చేస్తే ఎండ పెరగదా అని అడిగేవారున్నారు. వాళ్ల మాటలో బలముంది. ఒక లీటరు ఆవిరి కావడానికి 0.68 యూనిట్ల వేడి పీల్చుకుంటుంది. ఎకరం పచ్చిక 20,000 లీటర్లతో రోజుకు 13,000 యూనిట్లకు పైగా వేడిని మింగుతుంది. చిన్న విషయం కాదది. కానీ ఆవిరయ్యే నీటికి మంచీ చెడూ తేడా లేదు. శుద్ధి చేసిన మురుగు లీటరూ అంతే వేడిని మింగుతుంది. పైగా వేప, కానుగ, మర్రి లాంటి లోతువేరు చెట్లు అదే చల్లదనంతో పాటు నీడ ఇస్తాయి, ఎదిగాక పోత నీళ్లు అడగవు. నడిచే మనిషికి ఎండలో పచ్చగా మెరిసే లాన్ కన్నా నీడ ముఖ్యం. ఆట స్థలానికీ కూర్చునే చోటుకూ పచ్చిక ఉంచి, ఎవరూ అడుగుపెట్టకుండా కంచె వేసి చూసుకునే లాన్‌ను చెట్లకు అప్పగించడం నా దృష్టిలో ఏ నష్టమూ లేని మార్పు.

మన నగరాల్లో పంపిన నీటిలో మూడో వంతు, కొన్నిచోట్ల అంతకు మించి, లీకుల్లోనూ లెక్కలేని కనెక్షన్లలోనూ పోతోంది. ముందు అది ఆపండి, పార్కుల మీద పడతారేం అన్న మాటా వినిపిస్తుంది. లీకులు ఆపాల్సిందే. కానీ లీకు వేసవిలోనూ వానాకాలంలోనూ ఒకే తీరుగా కారుతుంది. పార్కు దాహం మాత్రం సరిగ్గా రిజర్వాయరు అడుగంటే ఏప్రిల్, మే నెలల్లోనే నెత్తికెక్కుతుంది. ఆ రెండు నెలల్లో ఆదా అయ్యే లీటరు అక్టోబరు లీటరుకన్నా విలువైంది. పైగా వేల లీకులు వెతకడానికి ఏళ్లు పడుతుంది. పెద్ద పార్కుకు వచ్చే పైపు ఒక్కటే, మార్చవలసిన చోటు ఒక్కటే. రెండో రకం నీటిని నగరంలోకి తేవడానికి పార్కునే మొదటి గిరాకీగా ఎంచుకోవడం అందుకే తెలివైన పని. పార్కు దాకా వేసిన ఊదా పైపు నుంచి దారిలో ఉన్న కట్టడాలకు, రోడ్డు మధ్య మొక్కలకు, అగ్నిమాపక శకటాలకు రేపు కొమ్మలు తీయవచ్చు.

అప్పుడు పార్కులో మంచినీళ్ల పైపు తీసేయాలా? తీసేయకూడదు, గేటు దగ్గరికి తేవాలి. లాన్ మీద కృష్ణా నీళ్లు పారుతుంటే నడకకు వచ్చినవాళ్లు బయట కొట్లో నీళ్ల సీసా కొనుక్కునే పార్కు ఎక్కడున్నా, అక్కడ నీళ్లు చేరవలసిన చోటికి చేరలేదు. రోజుకు 5,000 మంది వచ్చే పెద్ద పార్కులో ఒక్కొక్కరికి అర లీటరు చొప్పున మంచినీళ్లిచ్చినా 2,500 లీటర్లు. అరట్యాంకరు. పచ్చిక లెక్కలో చూస్తే ఎకరంలో ఎనిమిదో వంతు, సుమారు 500 చదరపు మీటర్ల గడ్డి ఒక్క మే నెల రోజున తాగేంత. వేసవిలో మన ఊళ్లలో చలివేంద్రం పెట్టేవాళ్లు కుండల కింద ఇసుక పరిచి తడిపేది కూడా ఎప్పుడూ వేరే బకెట్లోని నీళ్లతోనే.